మన్నిక – మోత: సామూహిక సైకిలు యాత్రల్లో మితజీవన భావన

యాత్రాచరిత్రలను పరిశీలించేటప్పుడు ఎవరు వెళ్ళారు, ఎక్కడికి వెళ్ళారు, ఏమి చూశారు అన్న ప్రశ్నలు సహజంగానే ముందుకు వస్తాయి. ఆ ప్రయాణపు బరువును ఎవరు మోశారన్న ప్రశ్న మాత్రం అంత తరచుగా రాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన వృత్తాంతం ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయింది. ఆ గ్రంథాన్ని ఆనాటి ధరవరలకూ, సత్రాలకూ, మజిలీలకూ, ఆచారభేదాలకూ ఆకరంగా వాడుకొంటున్నాం. ఆ పరిశీలన పల్లకి మోసిన బోయీల భుజాల మీదుగా సాగిందన్న సంగతి చర్చకు వచ్చేది అరుదు. ఇది వీరాస్వామయ్యపై ఆక్షేపణ కాదు. ఆ కాలంలో ఆ హోదాగలవారు ప్రయాణం చేసే పద్ధతి అది. అయితే యాత్రాగ్రంథాన్ని చదివే మన పద్ధతికి అది ఆక్షేపణే అని నా అభిప్రాయం.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను, బరువు ఎవరిమీదా పెట్టకూడదని సంకల్పించుకొని బయలుదేరిన యాత్రలకు వేసి చూస్తాను. నేను ప్రధానంగా తీసుకొన్నది 1990 నుంచి ఐరోపాలో వేసవికాలాల్లో జరుగుతూ వచ్చిన ‘ఎకోటోపియా బైక్‌టూర్’ అనే సామూహిక సైకిలు యాత్ర. దాని పూర్వాపరాలను వెదుకుతూ పోతే దారి ఒకవైపు ఒక అమెరికన్ నవలకూ, మరొకవైపు గుజరాతులోని ఒక గ్రామానికీ, తెలంగాణలోని పోచంపల్లికీ చేరుతుంది. ఈ దారులు ఒకదానినొకటి నేరుగా ప్రభావితం చేశాయని అన్నిచోట్లా చెప్పలేం. చెప్పగలిగినచోట చెబుతాను. తక్కినచోట పోలికగానే ఉంచుతాను.

ముందుగా ఒక పదచర్చ. ఇటువంటి యాత్రల లక్ష్యాన్ని మన పత్రికలు, ప్రభుత్వ పత్రాలు ‘సుస్థిర జీవనం’ అంటున్నాయి. మాట స్థిరపడింది కాబట్టి దానితో తగవు లేదు. కాని యాత్ర విషయంలో అది చిత్రంగా ధ్వనిస్తుంది. యాత్ర చరం, ఈ మాటలో ఉన్నది స్థిరం. తెలుగులో ఇదే భావానికి ‘మన్నిక’ అనే వాడుకమాట ఉంది. బట్ట మన్నింది అంటాం, చెప్పులు మన్నాయి అంటాం, సైకిలు టైరు రెండేళ్ళు మన్నింది అంటాం. వాడుతున్నా, అరుగుతున్నా, చాలాకాలం పనికివచ్చే గుణం అది. ‘మను’ అంటే జీవించు, ‘మనుగడ’ దానినుంచి వచ్చిందే. మన్నిక కూడా ఆ కుదురుకే చెందిన మాటగా నేను భావిస్తున్నాను. కదలనిదానికి కాక కదులుతూ అరిగేదానికి చెప్పే మాట కనుక యాత్రకు ఇదే తగినదని తోస్తుంది. శీర్షికలో దానిని వాడడానికి కారణం ఇదే.

నవల నుంచి దారికి

ఎర్నెస్ట్ కాలెన్‌బాక్ అనే రచయిత ‘ఎకోటోపియా’ నవలను 1975లో వెలువరించాడు. ప్రచురణకర్తలు వరుసగా నిరాకరించగా కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తానే అచ్చువేయించుకొన్నాడు. ఆ నవలలో వాషింగ్టన్, ఆరెగన్ రాష్ట్రాలూ, ఉత్తర కాలిఫోర్నియా అమెరికానుంచి విడిపోయి వేరే దేశంగా ఏర్పడతాయి. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత విలియం వెస్టన్ అనే విలేకరి ఆ దేశానికి వెళ్ళి పత్రికకు నివేదికలు పంపుతాడు. నివేదికల మధ్య అతని సొంత దినచర్య పుటలు వస్తాయి. అంటే నవల రూపం యాత్రావృత్తాంతమే. చూసినదానిని పదిమందికి చెప్పే ఉత్తరమొకటి, తనకు తాను చెప్పుకొనేది మరొకటి. మిత్రుడికి పంపిన ఉత్తరాలనుంచి గ్రంథమైన వీరాస్వామయ్య రచనతో పరిచయమున్న తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

వెస్టన్ సాన్‌ఫ్రాన్సిస్కోలో చూసే వింతలలో ఒకటి, ఎవరైనా తీసుకొని ఎక్కి, పని అయ్యాక వదిలివేయగల తెల్ల సైకిళ్ళు. ఇది కాలెన్‌బాక్ ఊహ మాత్రమే కాదు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘ప్రొవో’ అనే యువజన బృందం తెల్లరంగు వేసిన సైకిళ్ళను అందరి వాడకానికీ వీధుల్లో ఉంచింది. తాళం లేకుండా సైకిలును వీధిలో వదలడం నిబంధనకు విరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. ఒక నగరంలో విఫలమైన ప్రయత్నం పదేళ్ళకు నవలలో సఫలమై, ఆ నవలనుంచి మళ్ళీ ఐరోపాకే తిరిగి వచ్చింది. సాహిత్యం సమాజాన్ని ప్రతిబింబిస్తుందనే వాక్యాన్ని మన సిద్ధాంత వ్యాసాల్లో ఎన్నోసార్లు రాసుకొన్నాం. ప్రతిబింబం అద్దం దిగి వీధిలోకి నడిచివచ్చిన సందర్భాలు తక్కువ. ఇది అందులో ఒకటి.

1980లలో అడవుల రక్షణ ఉద్యమంగా మొదలైన యూరోపియన్ యువజన వేదిక ‘ఐఫా’ 1989లో జర్మనీలోని కొలోన్‌లో ఒక వేసవి సమావేశం నిర్వహించి, దానికి ఈ నవల పేరే పెట్టింది. ఆ సమావేశాల్లో పాటించిన ఒక పద్ధతి ప్రత్యేకించి చెప్పదగినది. భోజనానికి, నిర్వహణకు అందరినుంచీ ఒకే రుసుము తీసుకోలేదు. వచ్చినవారి దేశంలో జీవనవ్యయం ఎంత, అక్కడి డబ్బుకు కొనుగోలుశక్తి ఎంత అని చూసి, దేశానికొక లెక్కన నిర్ణయించారు. దీనిని ‘ఎకోరేట్’ అన్నారు. తూర్పు ఐరోపా కరెన్సీలు కుప్పకూలుతున్న ఆ సంవత్సరాల్లో, బ్యాంకు మారకపు రేటు చొప్పున అయితే అక్కడి విద్యార్థి ఒక పూట భోజనం కూడా కొనలేడు. న్యాయమైన కూడికకు ముందు న్యాయమైన పద్దు కావాలని వారు గుర్తించారు.

సమావేశానికి సైకిళ్ళమీద చేరుకోవాలన్న ఆలోచనతో 1990లో యాత్ర మొదలైంది. కాలక్రమంలో సమావేశాలు ఆగిపోయాయి, యాత్ర సాగింది. గమ్యంగా ఉన్నది పోయి దారి మిగలడం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన అంశం.

యాత్ర నడిచే తీరు ఇది. ఉదయం అందరూ వలయంగా కూర్చుని ఆనాటి దారిని చెప్పుకొంటారు. ఎవరి వేగంతో వారు తొక్కుతారు, గుంపుగా సాగాలన్న నియమం లేదు. ముందు వెళ్ళినవారు మలుపుల దగ్గర రోడ్డుమీద సుద్దముక్కతో బాణం గుర్తు వేస్తారు. వెనుక వచ్చేవారు దానిని చూసి తిరుగుతారు. వాన పడితే బాణం చెరిగిపోతుంది, అప్పుడు దారి తప్పడం మామూలే. రోజుకు సాధారణంగా యాభై నుంచి డెబ్బై కిలోమీటర్లకు మించి పోరు. మాంసమూ పాలూ లేని శాకాహారాన్ని వంతులవారీగా వండుకొంటారు. అంగళ్ళు పారవేయబోయే కూరగాయలు, రొట్టెలు సేకరించి వాడడమూ ఉంది. బస పర్యావరణ గ్రామాల్లో, సేంద్రియ వ్యవసాయ క్షేత్రాల్లో, ఒక్కొక్కప్పుడు గనులకో రహదారులకో వ్యతిరేకంగా వేసిన శిబిరాల్లో. నిర్ణయాలు ఓటుతో కాక ఏకాభిప్రాయంతో చేస్తారు. నాయకుడు లేడు, వెనుక మోటారు వాహనం రాదు.

మోటారు వాహనం రాదన్న చివరి మాట దగ్గర ఆగాలి. ముప్ఫై మందికి వంట చేయగల పాత్రలు, పొయ్యి, దినుసులు ఎక్కడికి పోతాయి? వాటిని సైకిలు వెనుక కట్టిన చిన్న బండ్లలో వేస్తారు. ఆ బండి కట్టుకొన్న సైకిలు కొండదారిలో ఎంత బరువుగా నడుస్తుందో మన ఊళ్ళలో గ్యాస్ సిలిండరు క్యారియరుకు కట్టుకొని వంతెన ఎక్కినవారికి వివరించనక్కరలేదు. కనుక ప్రతి ఉదయపు సమావేశంలోనూ తప్పక వచ్చే ప్రశ్న, ఈరోజు బండి ఎవరు లాగుతారు అన్నది. నా దృష్టిలో ఈ యాత్ర సాధించినది ఇదే. బరువును అది మాయం చేయలేదు. అందరిముందూ పెట్టి, పేరు పెట్టి, వంతు వేసింది.

అయితే వంతులకు లొంగని బరువు ఒకటి ఉంది. సరిహద్దులు దాటే ఈ యాత్రలో ఐరోపా యువత సైకిలుమీద దేశంనుంచి దేశానికి దాదాపు ఆగకుండా పోగలదు. మనవంటివారు చేరాలంటే వీసా కావాలి, వీసాకు బ్యాంకు ఖాతాలో తగినంత నిల్వ ఉన్నట్టు రుజువు చూపాలి. డబ్బు అంతగా అక్కరలేని యాత్రలో చేరడానికి డబ్బున్నవాడినని నిరూపించుకోవాలి. ఇది యాత్ర నిర్వాహకుల లోపం కాదు. కాని మితజీవనాన్ని ఒక ఎంపికగా ఆచరించగలవారికీ, దానిని ఎంచుకోకుండానే జీవిస్తున్నవారికీ మధ్య గీసిన గీత అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

భట్‌గాం దీపం

వెనుక వాహనం రాకూడదన్న నియమానికి మన దేశచరిత్రలో గట్టి పూర్వోదాహరణ ఉంది. దానిని కాలినడక యాత్రలో వెదకాలి.

1930 మార్చి 12న గాంధీ సబర్మతి ఆశ్రమంనుంచి 78 మంది అనుచరులతో దండికి బయలుదేరాడు. దూరం సుమారు 385 కిలోమీటర్లు. యాత్రకు ముందే గ్రామాలకు సూచనలు వెళ్ళాయి. సాదా భోజనం చాలు, మిఠాయిలు వద్దు, పడుకోవడానికి శుభ్రమైన చోటు చాలు అని. గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థుల జట్టు ముందుగా ఊళ్ళకు వెళ్ళి ఏర్పాట్లు చూడడంతో పాటు జనాభా, పశువులు, రాట్నాలు, ఉప్పు వాడకం వంటి వివరాలు సేకరించింది. అవసరమైతే గాంధీ ఎక్కడానికి ఒక గుర్రాన్ని కూడా ఉంచారు, ఆయన ఎక్కలేదు.

మార్చి 29న సూరత్ జిల్లాలోని భట్‌గాంలో ఆయన చేసిన ప్రసంగం ఉప్పు సత్యాగ్రహ కథనాల్లో రావలసినంతగా రాదు. అక్కడ ఆయన ప్రభుత్వాన్ని పక్కనబెట్టి తన సొంత యాత్రను విచారణకు పెట్టాడు. యాత్రికులకోసం సూరత్‌నుంచి మోటారు లారీలో పాలు తెప్పించారని తెలిసింది. రాత్రి నడకలో వెలుగుకోసం బరువైన కిట్సన్ దీపాన్ని ఒక కూలీ తలమీద మోయించి, యాత్రికుల నడకకు అందుకొమ్మని తొందరపెట్టడం ఆయన కళ్ళబడింది. అదే నెల మొదట్లో వైస్రాయి ఇర్విన్‌కు రాసిన లేఖలో సగటు భారతీయుడి ఆదాయానికి ఐదువేల రెట్లకు పైగా మీ జీతం ఉందని లెక్కగట్టిన మనిషి, ఇప్పుడు అదే కొలబద్దను తనమీదికి తిప్పుకొన్నాడు. దేశ సగటు ఆదాయానికి ఎన్నోరెట్లు ఖర్చవుతున్న జీవనం గడుపుతూ ఆ లేఖ రాసే హక్కు మనకెక్కడిది అన్నదే ఆ ప్రసంగ సారం.

ఈ సంఘటనను నేను విశేషంగా ఎత్తిచూపడానికి కారణముంది. అప్పటికి యాత్ర విజయవంతంగా సాగుతోంది, ఊరూరా జనం వస్తున్నారు. ఆ స్థితిలో దీపం మోసే కూలీని చూడడానికి యాత్రికుడికి ప్రత్యేకమైన చూపు కావాలి. వెలుగులో నడిచేవాడికి దారి కనిపిస్తుంది, దీపం కింద ఉన్న మనిషి కనిపించడు. పల్లకినుంచి రాసిన గ్రంథాలకూ భట్‌గాం ప్రసంగానికీ మధ్య ఉన్న నూరేళ్ళ తేడా ఇక్కడ ఉంది.

దారిబత్తెం లేని యాత్ర

పూర్వం యాత్రకు బయలుదేరేవాడు సద్దిమూట కట్టుకొనేవాడు, దారిబత్తెం చూసుకొనేవాడు. ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు తనవెంట వచ్చే గొల్లపిల్లవాడికి మజిలీ మజిలీకీ కథ చెబుతూ పోతాడు. కథే అతడు ఇచ్చే బత్తెం. ఏమీ లేకుండా బయలుదేరి, ఎదుటివారికి ఏదో ఒకటి ఇచ్చి వారినుంచి అన్నం పొందే ఈ పద్ధతికి ఇరవయ్యో శతాబ్దంలో కొత్త జన్మ వచ్చింది, అది తెలుగునేలతో ముడిపడింది.

1951లో వినోబా భావే హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా ప్రాంతంనుంచి కాలినడకన వచ్చాడు. అప్పటికే పౌనార్ ఆశ్రమంలో ‘కాంచనముక్తి’ ప్రయోగం, అంటే డబ్బు ప్రమేయం లేని జీవనం, మొదలుపెట్టి ఉన్నాడు. సమ్మేళనం ముగిశాక తెలంగాణ పల్లెల్లో నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. అక్కడి దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తాననడం ప్రసిద్ధమే. భూదానోద్యమ ఫలితాలపై ఉన్న విమర్శలను, ముఖ్యంగా తెలంగాణ రైతాంగ పోరాటం నేపథ్యంలో వచ్చినవాటిని, ఇక్కడ చర్చించడం లేదు. నాకు కావలసినది ఆ యాత్ర పద్ధతి. చేతిలో డబ్బు లేకపోతే ప్రతి సాయంత్రమూ ఒక ఊరి తలుపు తట్టక తప్పదు, తట్టాక ఆ ఇంటివారితో మాట్లాడక తప్పదు.

ఈ పద్ధతి వినోబా మాటద్వారానే ప్రపంచయాత్రకు ఎక్కింది. 1962 జూన్ 1న సతీష్‌కుమార్, ఇ.పి. మీనన్ అనే ఇద్దరు యువకులు అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఢిల్లీలోని గాంధీ సమాధినుంచి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌లకు నడిచి పోవడానికి బయలుదేరినప్పుడు వినోబా రెండు సలహాలు ఇచ్చాడు. డబ్బు దగ్గర ఉంచుకోవద్దు, శాకాహారులుగా ఉండండి అని. డబ్బుంటే సాయంత్రానికి పూటకూళ్ళ ఇల్లు వెదుక్కొని నిద్రపోతారు, లేకపోతే మనుషులను వెదుకుతారు. సముద్రాలు మాత్రం ఇతరుల సాయంతో ఓడల్లో దాటారు. తరువాత సతీష్‌కుమార్ ఇంగ్లండులో స్థిరపడి 1973నుంచి ‘రిసర్జెన్స్’ పత్రికకు సంపాదకుడయ్యాడు, షూమాకర్ కళాశాల స్థాపకుల్లో ఒకడయ్యాడు. ఐరోపాలోని మితజీవన ఉద్యమాలకు ఆ పత్రిక ముఖ్యమైన చర్చావేదిక. బైక్‌టూర్‌కు ఇది నేరుగా మూలమని నేను అనడం లేదు. కాని ఆ యువత పీల్చిన గాలిలో పోచంపల్లి దుమ్ము కొంత ఉందనడం అతిశయోక్తి కాదు.

ఈ రెండు పాయలూ కలిసిన చోటు ఉదయ్‌పూర్. అక్కడ 1998లో ‘శిక్షాంతర్’ అనే సంస్థ ఏర్పడింది. దాని చొరవతో 2010లో స్వరాజ్ విశ్వవిద్యాలయం అనే, పట్టాలివ్వని, అధ్యయన ప్రయోగం మొదలైంది. చదువుకోవడానికి వచ్చినవారు మొదటి దశలోనే సైకిలు యాత్రకు బయలుదేరుతారు. సుమారు వారంరోజులు, చేతిలో డబ్బు లేదు, సెల్‌ఫోను లేదు, పొట్లాల్లో కట్టిన తిండి లేదు. ఊళ్ళలో పొలంపనో, ఊడ్చిపెట్టడమో, పాటో, ఆటో, చేతనైనది చేసి, పెట్టినది తిని, చోటిచ్చినచోట పడుకొంటారు. కాంచనముక్తికి చక్రాలు అమరాయి.

ఇక్కడ నాకొక సంకోచముంది. ఊరు పెట్టే అన్నం ఊరికి భారం కాదా? మేవాడ్ గ్రామాల్లోని ఇంటి ఇల్లాలు అదనంగా పదిమందికి రొట్టెలు కాల్చడం కూడా దీపం మోయడంవంటిదే కాదా? శ్రమ చేసి తింటున్నామన్న సమాధానం ఉంది. పట్నంనుంచి వచ్చిన పిల్లలు చేసే కలుపుతీత ఎంత మాత్రం పనికివస్తుందో పొలం ఉన్నవారికి తెలుసు. అయినా ఆ యాత్రలో ఆతిథ్యపు బరువు యాత్రికుడి కళ్ళముందే ఉంటుంది, అతడు పాత్ర కడుగుతున్నాడు కాబట్టి. హోటలు బిల్లులో అది కనిపించదు.

చక్రంలోని గాలి

ఇంతవరకు సైకిలును నిర్దోషిగా చూశాం. ఇవాన్ ఇలిచ్ దానిని అలాగే చూశాడు. 1974లో ఆంగ్లంలో పుస్తకంగా వచ్చిన ‘ఎనర్జీ అండ్ ఈక్విటీ’లో, సైకిలెక్కినవాడు కాలినడకవాడికంటె మూడు నాలుగు రెట్లు వేగంగా, అతడికయ్యే శక్తిలో ఐదోవంతుతో పోతాడని చెప్పాడు. సగటు అమెరికన్ కారుకోసం, అంటే నడపడానికీ, దాని వాయిదాలకూ, పెట్రోలుకూ సంపాదించడానికీ, ఏడాదికి 1,600 గంటలు వెచ్చించి 7,500 మైళ్ళు తిరుగుతాడని, అంటే గంటకు ఐదు మైళ్ళయినా పోడని లెక్క తేల్చాడు. చమురు సంక్షోభం నడుస్తున్న ఆ రోజుల్లో ఈ లెక్క ఐరోపా యువతకు మంత్రమైంది. 1978లో ఇలిచ్ సేవాగ్రాం వచ్చి గాంధీ కుటీరంలో కూర్చుని దానిపై మాట్లాడాడు. సైకిలుకూ కుటీరానికీ ఆయన చూసిన సామ్యం ఒకటే, రెండూ మనిషి కొలతకు మించవు.

కాని ఈ లెక్కలో టైరు ఎక్కడినుంచి వచ్చిందో లేదు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. 1890లలో ఐరోపా, అమెరికాల్లో సైకిళ్ళ వెల్లువ వచ్చింది, దానితో రబ్బరుకు గిరాకీ పెరిగింది. ఆ రబ్బరు బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉన్న కాంగోనుంచి, అమెజాను అడవులనుంచి వచ్చింది. కాంగోలో నిర్ణయించిన పరిమాణం తేని గ్రామాలపై జరిగిన హింసను, నరికిన చేతులను రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో బయటపెట్టింది. ఐరోపా యువతీయువకులు స్వేచ్ఛగా ఊళ్ళు తిరిగిన ఆ చక్రాల్లోని గాలికి అంత ఖరీదు పడింది. కారు ఇంకా విరివిగా రాని రోజులవి కాబట్టి దీనిని కారు ఖాతాలోకి నెట్టివేయలేం.

తరువాత రబ్బరు మలయా తోటలకు మారింది. అక్కడికి కంగాణీల వెంట వెళ్ళిన కూలీల్లో తమిళులు అధికులు. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారూ ఉన్నారు, వారి సంతతి నేటికీ మలేషియాలో ఉంది. మన ఊళ్ళకు దిగుమతి సైకిళ్ళు వచ్చిన కాలంలో, వాటి టైర్లలో మనవారి చెమట కూడా ఉండే అవకాశముంది. తెలుగు వలస సాహిత్యాన్ని గురించి రాసేవారు ఈ అంశాన్ని చూడాలి.

భారతీయుల సామూహిక సైకిలు యాత్రల్లో మొదటి తరంది మితజీవన లక్ష్యం కాదు. 1923 అక్టోబరు 15న బొంబాయినుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచం చుట్టిరావడానికి బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు 1928 మార్చి 18న తిరిగివచ్చారు. సుమారు 71,000 కిలోమీటర్లు. 1931లో వెలువడిన వారి యాత్రాగ్రంథానికి నెహ్రూ ముందుమాట రాశాడు. పరాధీన దేశపు యువకులు తమ కాలిబలంతో ఎడారులూ ఆల్ప్స్ పర్వతాలూ దాటడం అప్పటి అవసరం. దానిని నేటి కొలతలతో తూచనక్కరలేదు. బరువు మోసింది ఎవరన్న ప్రశ్నకు మాత్రం వారి జవాబు సూటిగా ఉంది, తమదంతా తామే.

పద్దుపుస్తకం

తెలుగు పల్లెల్లో సైకిలు ఒకప్పుడు వినోదం కూడా. బడి మైదానంలో రాట పాతి, మైకు పెట్టి, ఒక మనిషి రాత్రింబవళ్ళు దిగకుండా అదే వలయంలో రోజుల తరబడి తొక్కడం, జనం చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చడం నాకంటె పై తరం వారందరికీ తెలిసినదే. ఎన్ని మైళ్ళు తిరిగాడో లెక్కవేస్తే అతడివి కూడా దీర్ఘయాత్రలే, ఊరు దాటని దీర్ఘయాత్రలు. సైకిలును జీవికగా చేసుకొన్నవారు మరెందరో ఉన్నారు. పాలక్యాన్లు, చేపలబుట్టలు, ఐసుపెట్టెలు, స్టీలు సామాను, నేతబట్టల మూటలు. జార్ఖండ్‌లో రెండు వందల కిలోలకు పైగా బొగ్గుబస్తాలను సైకిలుకు కట్టి, ఎక్కలేక నెట్టుకొంటూ పదుల కిలోమీటర్లు పోయే మనుషులున్నారు. మితజీవన యాత్రలో సైకిలు బొగ్గుకు ప్రత్యామ్నాయం, అక్కడ సైకిలే బొగ్గును మోస్తుంది.

తోటి సైకిళ్ళతో గుంపుగా సాగిన ఈ ప్రయాణాలను మన యాత్రాసాహిత్య పరిశోధన యాత్రలుగా లెక్కించలేదు. వారు రాయలేదు కాబట్టి అనేది వెంటనే వచ్చే జవాబు. ఆ జవాబు నాకు చాలదు. అందుకు కారణం మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మగారి తండ్రి నేత చీరల మూటలను సైకిలు క్యారియరుకు కట్టుకొని, మరి నలుగురైదుగురు నేతగాళ్ళతో కలిసి, పదిపదిహేను రోజులు ఊళ్ళు తిరిగేవారు. ఊరి పొలిమేరలో విడిపోయి వీధికొకరుగా పోవడం, పొద్దుగూకేసరికి గుడిదగ్గరో బడి అరుగుమీదో కలుసుకోవడం, ఒక్క కుండలో అన్నం వండుకోవడం వారి పద్ధతి. ఒకరి చక్రం వంగితే తక్కినవారు అతని మూటను పంచుకొని కట్టుకొనేవారట. సుద్దబాణాలూ, వలయ సమావేశాలూ అక్కరలేని ఏకాభిప్రాయం అది. దానిని ఆదర్శంగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. ఆ తిరుగుడు మోకాళ్ళను తినేసిందని ఆయనే అనేవారు, తన కొడుకులెవరినీ ఆ సైకిలు ఎక్కనివ్వలేదు.

ఆయన ప్రయాణాల్లో మిగిలిన రాత ఒక పద్దుపుస్తకం. పొడవాటి సన్నని పుటలు, పెన్సిలు అక్షరాలు. యాత్రాగ్రంథానికి కావలసినవి అందులో చాలావరకు ఉన్నాయి. ఊరిపేరు, తిథి, ఇంటి గుర్తు, ఇచ్చిన చీర, రావలసిన బాకీ. మనిషి పేరు తెలియనిచోట వేపచెట్టు ఇల్లు అనో, మిలట్రీ ఆయన కోడలు అనో ఉంటుంది. కొన్ని బాకీలకు ఎదురుగా రొక్కానికి బదులు జొన్నలు, మినుములు, ఒకచోట సైకిలు ట్యూబు రాసి ఉంది. కొన్నింటిని కొట్టివేసి పక్కన కారణం ఒక్కమాటలో రాశారు. వాన లేదు. ఆ మాట వరుసగా మూడు ఊళ్ళకు ఉంది. నాలుగో ఊరిదగ్గర పద్దు లేదు, మూట ఎవరెవరి సైకిలుకు ఎన్ని చీరలు పంచి కట్టారో ఉంది.